ఆగమన్నప్పుడు ఆగే యంత్రం

స్పీడు అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కంప్యూటరు కొనబోయే ప్రతివాళ్ళూ "ఎంత స్పీడండీ?" అని అదొక్కటే అడుగుతారు, పెళ్ళికొడుకు జీతం అడిగినట్టు. మాట మీద నిలబడుతుందా అని ఒక్కరూ అడగరు. అసలు అలాంటి ప్రశ్న ఒకటుందని నాకు నేర్పినాయన దగ్గర నేను గాజువాక ఆటోనగర్‌లో కొన్నేళ్ళు పనిచేశాను. ఆయన గురించి రాసుకోవాలని చాలాకాలంగా ఉంది.

ఎనభైల నడిమి సంగతి. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. గాజువాక రోడ్డు మీద రాత్రీ పగలూ లారీలే. ఉతికి ఆరేసిన బట్టలు సాయంత్రానికి జేగురు రంగు తేలేవి. ఆటోనగర్‌లో లేతు మిషన్లకీ వెల్డింగు షెడ్లకీ మధ్య మా కంపెనీ ఉండేది. క్రేన్లకీ పెద్ద మోటార్లకీ కంట్రోలు ప్యానళ్ళు చేసేవాళ్ళం. మొత్తానికి ఒక్కటే ఏసీ గది. ఆ ఏసీ కూడా మా మొహాలు చూసి పెట్టించింది కాదు, కంప్యూటరు కోసం. ఎండాకాలంలో ఏదో ఒక వంకతో అందరం ఆ గదిలోకే చేరేవాళ్ళం.

ఇంజనీరింగు చదివిన ఆడపిల్ల క్రేన్ల కంపెనీలో చేరిందంటే మా చర్చిలో పెద్దవాళ్ళు అమ్మని జాలిగా చూసేవారు. బ్యాంకు పరీక్ష రాయించలేకపోయావా అనేవారు. అమ్మ ఊరుకునేది కాదు. "అన్న క్రేను కింద పనిసేత్తన్నాడు, సెల్లి క్రేనుకి బుర్ర పెడతన్నాది, మీకేటి నొప్పి?" అనేది. అమ్మ నోటికి సంఘమంతా జడిసేది.

అమ్మ చెప్పింది నిజమే. మా అన్నయ్య కళాసీ. ఎత్తాల్సిన బరువుకి ఇనపతాళ్ళు కట్టి, కొక్కేనికి తగిలించి, పైన క్యాబిన్లో ఉన్న డ్రైవరుకి చేత్తో సైగలు చేస్తూ, ఆ బరువు ఎక్కడ దిగాలో అక్కడిదాకా దానితోపాటే నడిచే పని. షిప్పులకి ఇనప ప్లేట్లు కోసి అతికే ఒక ప్రైవేటు యార్డులో చేసేవాడు. ఆ యార్డు కొంటున్న కొత్త క్రేనుకి కంట్రోలు కావాలని మా కంపెనీకే ఆర్డరు వచ్చింది.

ఇంక మా సార్, కంపెనీలో పెద్ద ఇంజనీరు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఎంత ఉక్కలోనైనా పొడుగుచేతుల చొక్కా. మాట మెత్తన, పట్టు గట్టిది. ఆర్డరు వచ్చిన రోజున నేను ఆయనతో, "మా అన్నయ్య ఆ యార్డులోనే కళాసీ సార్" అన్నాను. ఎవరైనా ఏమంటారు? ఎన్నాళ్ళనుంచి, పర్మనెంటా అంటారు. ఆయన "ఎక్కడ నిలబడతాడమ్మా?" అన్నారు.

మర్నాడే యార్డుకి వెళ్ళారు. వెంట నేనూ వెళ్ళాను. మధ్యాహ్నం దాకా ఆయన క్రేను వైపు తలెత్తలేదు. కళాసీల కాళ్ళనే చూస్తూ నిలబడ్డారు. మా అన్నయ్యకి ఎక్కడలేని సిగ్గూ వచ్చింది.

"మీ సారేటే, క్రేను సూడ్డానికొచ్చి మమ్మల్ని సూత్తన్నాడు?" అన్నాడు ఇంటికొచ్చి. "నా నడకలో ఏటైనా తేడా ఉందేటి?"

తేడా అన్నయ్య నడకలో లేదు, ఆ చోటులో ఉంది. ప్లేటు దించే మూలలో కళాసీ వెనక ఒక గోడ ఉండేది. బరువు అటు ఊగితే అతనికి వెనక్కి వెళ్ళే దారి లేదు. కింద నిలబడ్డ కళాసీ చేతికి ఒక బొత్తాం పెట్టె ఇస్తారు. ఆపమని అతను నొక్కితే క్రేను ఆగాలి. ఊరికే కరెంటు కోసేసి ఆపడం ఎంతసేపు? దానికి వేరే ఎర్ర బొత్తాం, వేరే తీగ ఎప్పుడూ ఉంటాయి. కానీ అలా చటుక్కున ఆపితే బరువు ఇంకా ఎక్కువ ఊగుతుంది. ఊగకుండా పట్టి ఆపాలంటే బరువెంతో, తాడు పొడుగెంతో, ఎంత వేగంతో వస్తోందో చూసుకుని దానికి తగ్గట్టు బ్రేకు వేయాలి. ఆ పని మా ప్రోగ్రాముది. బొత్తాం నొక్కినప్పటి నుంచి సెకనులో ఐదో వంతు లోపల బ్రేకు పట్టుకోవడం మొదలవ్వాలి. ఆ లెక్క సార్ ఏ పుస్తకంలోంచీ తీయలేదు. మా అన్నయ్యకీ గోడకీ మధ్య ఉన్న జాగాలోంచి తీశారు.

చెప్పుకోవడానికి సులువే. కానీ ఆ చిన్న కంప్యూటరుకి ఆపడం ఒక్కటే పని కాదు. బరువు కొలవాలి, క్యాబిన్లో తెర మీద అంకెలు చూపాలి, ఎక్కడ ఏ తేడా వచ్చినా హెచ్చరికలు పంపాలి, కింద పెట్టిన ప్రింటరులో షిఫ్టు రిపోర్టు కొట్టాలి. అన్నీ ఒక్క చిప్పే చేయాలి. ఎప్పుడు ఏ పని ముందు, ఏది ఆగాలి అని పంచి పెట్టే పెద్దరికమే ఆపరేటింగ్ సిస్టమ్. అది ఎలాంటిది ఉండాలన్న దగ్గరే గొడవ మొదలైంది.

యార్డు మేనేజరు మంచివాడే, కాకపోతే కొత్త వస్తువంటే మోజు. వాళ్ళ ఆఫీసులో ఒక పెద్ద కంప్యూటరు ఉండేది. "పాతికమంది ఒకేసారి కూచున్నా అందరికీ సమానంగా టైమిస్తుందండీ. ఎవర్నీ చిన్నచూపు చూడదు. అదే సిస్టమ్ క్రేనుకీ పెట్టండి" అన్నాడు.

"సమానంగా చూడ్డం గుళ్ళో బాగుంటుంది, ఈ అమ్మాయి వెళ్ళే చర్చిలో బాగుంటుంది" అన్నారు సార్. "క్రేను కింద బాగుండదండీ. ప్రింటరుకీ బ్రేకుకీ సమానంగా టైమిస్తే కాయితం చక్కగానే వస్తుంది, ప్లేటు మాత్రం గోడకి తగుల్తుంది."

"కానీ అది చాలా ఫాస్టండీ. సగటున మీ దానికంటే..."

సగటు అనే మాట ఎత్తితే చాలు, సార్ మొహం వేపకాయ నమిలినట్టు అయిపోయేది. "ఎలమంచిలి పాసింజరు రైలుంది. సగటున టైముకే వస్తుంది. ఎప్పుడైనా లేటయితే ప్లాట్‌ఫారం మీద ఇంకో టీ తాగి కూచుంటాం. క్రేను లేటయితే ఆ టీ తాగడానికి మనిషి ఉండాలి కదండీ."

మేనేజరు నవ్వేశాడు గానీ ఒప్పుకోలేదు. చివరికి, చెప్పిన గడువులోగా పనిచేసే కంట్రోలు ఇస్తే చాలు, లోపల ఏం పెట్టుకుంటారో మీ ఇష్టం అని వెళ్ళాడు.

సార్ తన సిస్టమ్ తనే రాసుకున్నారు. అది రాస్తున్నప్పుడు పక్కన ఉండి చూడడం నా అదృష్టం. ఎంత చిన్నదంటే మొత్తం చదవడానికి ఒక పూట చాలు. నిజంగానే ఒకసారి మొదటి నుంచి చివరిదాకా పైకి చదివించారు, నేను చదువుతుంటే ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. అర్థం కాని వాక్యం ఒక్కటున్నా దాన్ని నమ్మకూడదన్నది ఆయన మాట. ఆపే పని లేచిందంటే మిగతా పని ఏదైనా సరే చేతిలోది కింద పెట్టి పక్కకి తప్పుకోవాలి. ఎవరికెంత మెమరీ కావాలో కరెంటు వేసినప్పుడే పంచేయాలి, మధ్యలో ఇంకాస్త కావాలని అడగడానికి వీల్లేదు. పెళ్ళివంట పొయ్యెక్కాక గిన్నె కోసం పక్కింటికి పరిగెత్తకూడదు అనేవారు. డిస్కు లేదు, ఎందుకంటే డిస్కు దానికి తోచినప్పుడు జవాబిస్తుంది. సిస్టమ్ తన సొంత పనికోసం "ఇప్పుడెవరూ నన్ను కదిలించొద్దు" అని తలుపేసుకునే క్షణాలు కొన్ని ఉంటాయి. అలాంటి చోటు ఒక్కొక్కటీ పట్టుకుని, ఎంతసేపు తలుపేసుకుంటుందో కొలిచి, ఇంకా తగ్గించు, ఇంకా తగ్గించు అని నన్ను కూచోబెట్టేవారు. మామూలుగా ఎంతసేపు పడుతుందని ఎప్పుడూ అడగలేదు. అన్నీ చెడి చెడి ఎంతసేపు పట్టొచ్చు, అదే అడిగేవారు.

నాకు విసుగు రాలేదంటే అబద్ధం. కానీ తన మాటకి తనే ఇంత జాగ్రత్తగా హద్దులు గీసుకునే మనిషిని అంతకుముందు చూడలేదు. ఆ పనంటే, ఆయనంటే నాకు గౌరవం అప్పుడే కుదిరింది. ఇప్పటికీ తగ్గలేదు.

బల్ల మీద పరీక్షలు మొదలుపెట్టాం. బ్రేకు బదులు ఒక బల్బు. బొత్తాం నొక్కగానే బల్బు వెలగాలి. ఎన్నిసార్లు నొక్కినా ఠక్కున వెలిగింది. డెలివరీ రోజు మేనేజరు కూడా వచ్చి సరదాగా తనే నొక్కి, తనే చప్పట్లు కొట్టాడు.

"పెళ్ళిచూపుల్లో అందరూ బుద్ధిమంతులేనండీ" అన్నారు సార్. ప్రింటరు పెట్టమన్నారు. తెర నడిపించమన్నారు. హెచ్చరికల తీగలన్నీ ఒకేసారి ముట్టించి, వచ్చే హెచ్చరికలన్నీ ఒక్కసారే వచ్చేలా చేయమన్నారు. నిజం క్రేనులో అలా జరగడం అరుదు. సార్‌కి కావాల్సింది ఆ అరుదైందే. ఆ రొదలో మళ్ళీ మళ్ళీ నొక్కుతూ కూచున్నాం. చాలాసేపు బాగానే ఉంది. అప్పుడు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బల్బు ఆలస్యంగా వెలిగింది. కంటికి తెలిసేంత ఆలస్యం.

నాకు మా అన్నయ్య వెనక ఉన్న గోడ కనిపించింది.

"ఒక్కసారే కదండీ" అన్నాడు మేనేజరు. "ఇన్నిసార్లు బాగా వచ్చి..."

"ఒక్కడే కదండీ అని వాళ్ళమ్మతో అనగలరా మీరు?" అన్నారు సార్. అంత గట్టిగా మాట్లాడ్డం ఎప్పుడూ చూడలేదు. "ఇవ్వనండీ. తప్పెక్కడుందో తెలిసేదాకా ఇవ్వను."

మేనేజరు కోపంగా వెళ్ళిపోయాడు. మా ఓనరు సార్‌ని గదిలోకి పిలిచి తలుపేసుకుని అరిచాడు. ఆర్డరు పోతే ఎవరిది పూచీ అని బయటకే వినపడింది. సార్ బయటికొచ్చి ఏం జరగనట్టు కూచుని, మళ్ళీ కాయితాలు తీశారు.

నా బాధ వేరు. ఇక్కడ మేం ఆలస్యం చేస్తున్నకొద్దీ అక్కడ పాత క్రేనే నడుస్తోంది. దాని బ్రేకు జారుతుందని యార్డులో అందరికీ తెలుసు. అన్నయ్య రోజూ పొద్దున్న క్యారియరు సర్దుకుంటూ, "బేగి ఇచ్చీండే బాబూ, ఆ ముసలిదాని కింద ఏలాడలేక సస్తన్నాం" అనేవాడు. అమ్మ నా వైపు చూసేది. ఆ చూపు పట్టుకునే ఆఫీసుకి వెళ్ళేదాన్ని.

ఒకరోజు ఆగలేకపోయాను. "మీకేం సార్, అక్కడ నిలబడేది మా అన్నయ్య" అనేశాను.

ఆయన నొచ్చుకోలేదు. "అందుకేనమ్మా" అన్నారు. "పాతదాని కింద మీ అన్నయ్య భయంగా నిలబడతాడు. జారుతుందని తెలుసు కాబట్టి ఓ అడుగు దూరంగానే ఉంటాడు. మనది ఇచ్చామనుకో, చెల్లెలు చేసింది కదాని దగ్గరగా నిలబడతాడు. అప్పుడది ఆలస్యమైతే?"

వెళ్ళి కూచుని పని చేసుకున్నాను.

ఆ తప్పు దొరికిన తీరు చెప్తే ఇప్పటికీ నవ్వుతారు. మా ఆఫీసులో ఆసిలోస్కోపు ఒక్కటే. కరెంటు సంకేతాలు తెర మీద గీతల్లా చూపించే పరికరం అది, చాలా ఖరీదు. దానికోసం కొట్టుకు చస్తున్నారని సార్ ఒక పద్ధతి పెట్టారు. తీసుకున్నవాళ్ళు పని ముగించి ఇచ్చేదాకా ఎవరూ చేతిలోంచి లాక్కోకూడదు, ఆయనైనా సరే. మర్యాదైన పద్ధతి. మాకందరికీ ఎంత అలవాటైపోయిందంటే ప్రోగ్రాములోనూ అదే రాసుకున్నాం. బరువూ తాడు పొడుగూ వేగమూ రాసి ఉండే పట్టిక ఒకటుంది. దాన్ని ఎవరు చూస్తుంటే వాళ్ళు తాళం వేసుకుంటారు, పని అయ్యాక తీస్తారు. ఈలోపు ఇంకొకరు ముట్టుకుంటే సగం పాత లెక్కా సగం కొత్త లెక్కా కలిసిపోతాయి కదా. అందులో తప్పేం కనపడలేదు మాకు.

ఆ రోజు సార్‌కి స్కోపు కావాలి. అది మా టెక్నీషియను దగ్గరుంది. ఇంకో నిమిషం సార్ అన్నాడు. సరే అని సార్ పక్కన నిలబడ్డారు. ఇంతలో అకౌంట్సు ఆయన వచ్చి టెక్నీషియన్ని పిలిచాడు. అకౌంట్సంటే టెక్నీషియనుకి హడలు, పరిగెత్తాడు. తీగలు తగిలించినవి తగిలించినట్టే ఉన్నాయి. పద్ధతి ప్రకారం మేం ముట్టుకోకూడదు. అక్కడ అకౌంట్సు ఆయన తీరిగ్గా ఏవో బిల్లులు అడుగుతున్నాడు. ఆఫీసులో అందరికంటే అవసరమైన పనున్న మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన్ని ఆపుతున్నది టెక్నీషియను కాదు, అకౌంట్సు ఆయన. ఆయనకేమో స్కోపుతో సంబంధమే లేదు.

సార్ మొహంలోకి మెల్లగా నవ్వు వచ్చింది. "అమ్మాయ్, ఇదేనే!" అన్నారు. నన్ను ఒసే ఏమే అన్నది ఎప్పుడూ లేదు, ఆ ఒక్కసారి వచ్చేసింది.

ప్రోగ్రాములోనూ అదే జరిగింది. అన్నిటికంటే తక్కువ హోదా ప్రింటరు పనిది. అది పట్టికకి తాళం వేసి లెక్కలు చూసుకుంటోంది. సరిగ్గా అప్పుడు హెచ్చరికలు వచ్చాయి. అవి ప్రింటరు కంటే పెద్దవి కాబట్టి దాన్ని పక్కకి నెట్టి తమ పని చూసుకుంటున్నాయి. అప్పుడే మేం బొత్తాం నొక్కాం. ఆపే పని లేచింది, దానికి పట్టిక కావాలి, తాళం ప్రింటరు దగ్గరుంది, ప్రింటరుకేమో వంతు రావడం లేదు. హెచ్చరికలన్నీ తీరేదాకా బ్రేకు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఎవరి తప్పూ లేదు, అందరూ మర్యాదగానే ఉన్నారు. మధ్యలో మనిషి పోతాడు.

మందు కూడా అక్కడే దొరికింది. టెక్నీషియను వచ్చాక సార్ కొత్త పద్ధతి చెప్పారు. "నేను ఎదురుచూస్తున్నంతసేపూ స్కోపు పట్టుకున్నవాడిది నా హోదా. ఓనరు పిలిచినా కదలక్కర్లేదు. పని ముగించి నా చేతికిచ్చాక మళ్ళీ ఎవరి హోదా వాళ్ళది." ప్రోగ్రాములోనూ అంతే రాశాం. ఆపే పని ఎదురుచూస్తుంటే, తాళం పట్టుకున్నది ప్రింటరైనా సరే, ఆ కాసేపూ దాన్ని ఎవరూ పక్కకి నెట్టకూడదు. చకచకా ముగించి తాళమిచ్చి మళ్ళీ తన చోటికి పోవాలి.

అంతటితో ఇచ్చేశారనుకుంటున్నారా? ఒక్కొక్క పనికి పట్టే అతి చెడ్డ సమయం కాయితం మీద వేసి, అన్ని కష్టాలూ ఒకేసారి కట్టకట్టుకుని వచ్చినా సెకనులో ఐదో వంతు దాటదని కూడిక వేసి నాకు చూపించారు. నేను వేరేగా వేసి ఆయనకి చూపించాను. రెండూ కలిశాయి. అప్పుడు మేనేజరుకి కబురు పంపారు. అతను మూతి ముడుచుకునే వచ్చి తీసుకెళ్ళాడు. యార్డులో బిగించిన రోజు సార్ మళ్ళీ కళాసీల కాళ్ళనే చూస్తూ నిలబడ్డారు.

తరవాత కొన్ని నెలలకి, ఒక ఆదివారం. చర్చి నుంచి వచ్చి అన్నాలకి కూచున్నాం. యారాడ నుంచి చేపలు తెచ్చే ఆమె దగ్గర అమ్మ కానాగంతలు కొని పులుసు పెట్టింది. అన్నయ్య ముల్లు తీసుకుంటూ యార్డు కబుర్లేవో చెప్తున్నాడు. క్యాంటీన్లో టీ పాడైపోయిందట, ఎవరో కొత్త సైకిలు కొన్నాడట. ఆ వరసలోనే, "నిన్న పేద్ద ప్లేటొకటి జారిపోనాదే" అన్నాడు. "తాడు సర్దుకున్నాది గానీ, ఊగీసి నా మీదకే వచ్చిసినాది. నాను ఎనక్కి ఎల్లడానికి గోడ. బొత్తాం నొక్కీసేను."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "మరేటయ్యింది?"

"ఏటవుద్ది? ఆగిపోనాది."

"ఎంత దూరంలో?" అన్నాను నేను.

"ఏమో, సెయ్యి సాపితే తగిలీది."

"అప్పుడు ప్రింటరు కొడతన్నాదేటి అన్నియ్యా?"

"అది కొట్టందెప్పుడు? సెవులు సిల్లులు పడిపోతన్నాయి దాన్తోటి." నా మొహం చూసి చిరాకు పడ్డాడు. "ఏటే అలగ సూత్తావు? ఆగమన్నాను, ఆగింది. అందల సెప్పడానికేటున్నాది? ఇంకో ముక్కెయ్యవే అమ్మా."

అమ్మ ముక్క వేసింది. వేసి, చేయి తీయకుండా వాడి తల మీద పెట్టింది. వాడు "అన్నం తిననీవేటి" అని తల విదిలించుకున్నాడు. నేను లేచి పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వొచ్చింది. చెప్పడానికేం లేదట!

సోమవారం పొద్దున్న ఆఫీసుకి వెళ్ళగానే సార్‌కి చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా, గోడతో సహా. అంతా విని ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇవాళ డ్యూటీకి వెళ్ళాడా?" అన్నారు.

"వెళ్ళాడు సార్. ఎప్పట్లాగే, క్యారియరు మర్చిపోయి మళ్ళీ వెనక్కొచ్చి మరీ వెళ్ళాడు."

"హమ్మయ్య" అన్నారాయన. ఆయన దగ్గర పనిచేసిన అన్నేళ్ళలోనూ ఆయన నోట ఆ మాట నేను విన్నది ఆ ఒక్కసారే.